షీటు ఖాళీగా ఉంటే మార్కెక్కడిది? ఒక అప్రెంటిస్ అసెస్‌మెంట్ సెంటర్ కేస్ స్టడీ

కూకట్‌పల్లి, బాలానగర్, జీడిమెట్ల చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా పిల్లల్ని అప్రెంటిస్ సెలెక్షన్లకు తయారు చేయడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక అమ్మాయి కేసు. మెకానికల్ డిప్లొమా అయిపోయింది, ఇల్లు జగద్గిరిగుట్ట, నాన్న ఆటో నడుపుతారు, అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక యంత్ర భాగాల కంపెనీ నుంచి ఆమెకు టెక్నీషియన్ అప్రెంటిస్ అసెస్‌మెంట్ సెంటర్‌కు, అంటే పనులు చేయించి చూసే ఒక రోజు ఎంపికకు, మెయిల్ వచ్చింది. ఆమె పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. మిగతాది ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

మెయిల్‌లో ఉన్నవి ఇవి: పొద్దున్న ఆప్టిట్యూడ్, మెకానికల్ రీజనింగ్ పరీక్ష. తర్వాత గ్రూప్ ఎక్సర్‌సైజ్, ఇన్‌ట్రే (బల్ల మీది కాగితాల్లో ఏది ముందో వరస పెట్టే పని), అయిదు నిమిషాల ప్రెజెంటేషన్, ఆఖర్న ఇంటర్వ్యూ. అంతా ఒకే రోజు, ఫ్యాక్టరీలోనే. చాలామంది పిల్లలు దీన్ని ఎంట్రన్స్ పరీక్షలా చూస్తారు, బుక్కులు ముందేసుకుంటారు. ఈ అమ్మాయి కూడా థర్మల్ ఇంజినీరింగ్ నోట్సు, వెయ్యి ప్రశ్నల జీకే పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆ రెండూ పక్కన పెట్టించాను.

ఆ రోజు అసలు ఏం చూస్తారు

ఈ అసెస్‌మెంట్ సెంటర్ పద్ధతి సైన్యాల్లో ఆఫీసర్ల ఎంపిక కోసం మొదలైంది. మన ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చినవాళ్లకు దీని తీరు తెలుసు. కంపెనీల్లోకి దీన్ని పెద్ద ఎత్తున తెచ్చింది అమెరికన్ టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ, 1956లో మొదలుపెట్టిన మేనేజర్ల అధ్యయనంతో. దీని కీలకం చాలా సాదా. మనిషి గురించి అభిప్రాయం అడగరు, పని ఇచ్చి కూర్చోబెట్టి చూస్తారు. అసెసర్ చేసేది వరసగా నాలుగు పనులు: గమనించడం, ఉన్నదున్నట్టు రాసుకోవడం, రాసుకున్నది ఏ సామర్థ్యం కిందికి వస్తుందో సర్దడం, ఆ తర్వాతే మార్కు. మంచి కంపెనీల్లో ఈ వరస తప్పనివ్వరు. ఒక్కో ఎక్సర్‌సైజుకు ఒక్కో అసెసర్ మారుతుంటారు. సాయంత్రం అందరూ కూర్చుని షీట్లు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుంటారు.

అంటే అసెసర్ షీటు మీద పడనిది ఆ సాయంత్రం మీటింగ్‌లో లేనట్టే. మీ బుర్రలో ఎంత మంచి ఆలోచన నడిచినా సరే. ఈ అమ్మాయి కేసు మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

ఇంట్లో మాట

తయారీకి ముందు వాళ్ల నాన్నతో మాట్లాడాల్సి వచ్చింది. ఆయన మొదటి ప్రశ్న, "ఏడాది చేసినంక నౌకరి పక్కా ఇస్తరా మేడం?" ఇలాంటి చోట మెత్తగా దాటవేయడం నాకిష్టం ఉండదు. ఇవ్వాలని చట్టం లేదని చెప్పాను. 1961 అప్రెంటిసెస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే ట్రైనీ, కార్మికుడు కాదు. 2014 సవరణ తర్వాత, శిక్షణ అయిపోయినవాళ్లను తీసుకోవడంపై ప్రతి యజమానీ తన సొంత విధానం రాసుకోవాలి, అంతే. కాబట్టి కంపెనీని అడగాల్సింది "ఉద్యోగం ఇస్తారా" అని కాదు, "మీ విధానం ఏమిటి, పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని తీసుకున్నారు" అని. ఆ ప్రశ్న అమ్మాయి ఇంటర్వ్యూ చివర అడగాలని అక్కడికక్కడే అనుకున్నాం.

రెండో ప్రశ్న పైసల గురించి. 2019 నిబంధనలు డిప్లొమావాళ్లకు నెలకు కనీసం 8,000 రూపాయలు, గ్రాడ్యుయేట్లకు 9,000 పెట్టాయి. కంపెనీ ఆ కనీసం కన్నా ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. డిప్లొమా, డిగ్రీవాళ్ల కోసం కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్ పథకం కిందైతే ఆ కనీసంలో సగం కేంద్రం భరిస్తుంది. అందుకే ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా, నాట్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ముందే సరిచూసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. ఎవరైనా డబ్బులడిగితే వెనక్కి తిరగండి. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్న నిబంధన ఉంది కనుక, కంపెనీకి కూడా ఈ పిల్లలు కావాలి. ఎవరో దయతలిచి ఇచ్చే అవకాశం కాదిది. ఈ ముక్క ఆ అమ్మాయి చెవిన పడటం నాకు ముఖ్యం అనిపించింది. ఆమె కూర్చునే తీరులోనే "పిలిచారు, అదే ఎక్కువ" అన్నట్టు ఉండేది.

మొదటి మాక్: ఒక్క లైను

మా మాక్‌లకు, అంటే నమూనా అసెస్‌మెంట్లకు, అబ్జర్వర్లుగా ఇదివరకు అప్రెంటిస్‌షిప్ చేసి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వస్తారు. వాళ్లకు ఒక్కటే నియమం: కన్నదీ విన్నదీ మాత్రమే రాయాలి. "తెలివైనది", "సిగ్గరి", "లీడర్ లక్షణాలు" లాంటి మాటలు షీటు మీద ఉండకూడదు.

ఆరుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టాం. సమస్య ఇది: జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్, రేపు మధ్యాహ్నం నాలుగు గంటలు కరెంటు ఉండదని నోటీసు వచ్చింది. చేతిలో మూడు ఆర్డర్లు. ఒకటి ఎక్కువ డబ్బులిచ్చేది, ఒకటి పాత కస్టమర్‌ది, ఒకటి పౌడర్ కోటింగ్ చేయాల్సినది. ఏది ఏ వరసలో నడపాలో ఇరవై నిమిషాల్లో తేల్చాలి.

మొదటి రెండు నిమిషాల్లోనే ఆ అమ్మాయి అసలు సంగతి పట్టేసింది. "ఓవెన్‌ల ఉన్నప్పుడు కరెంట్ పోతే ఆ లాట్ మొత్తం పోతది కదా" అంది. నిజమే. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో వేడికి కరిగి గట్టిపడాలి. క్యూరింగ్ సగంలో ఆగితే పూత నిలవదు. కాబట్టి ఆ ఆర్డర్ కరెంటు పోకముందే ఓవెన్‌ నుంచి బయటికి రావాలి, లేదా కరెంటు వచ్చాకే లోపలికి వెళ్లాలి. ఇది తేలితే మిగతా రెండూ వాటంతటవే సర్దుకుంటాయి.

కానీ ఆ మాట ఆమె పక్కనున్న అమ్మాయి వైపు వంగి చెప్పింది. బల్ల దాకా రాలేదు. మిగతావాళ్లు పాత కస్టమర్ గొప్పా, డబ్బు గొప్పా అని కొట్టుకుంటూనే ఉన్నారు. చాలాసేపటికి ఒక అబ్బాయి అదే మాట గట్టిగా అన్నాడు. "కరెక్ట్ రా" అన్నారందరూ. ఆ పాయింట్ అతని షీటు మీదికి వెళ్లింది, న్యాయంగానే. అబ్జర్వర్ విన్నది అతని నోటి నుంచే.

ఆ అమ్మాయి షీటు తీసి ఆమె ముందే పెట్టాను. పేరు, తేదీ, కింద ఒకే లైను: "చివర్లో అందరి కాగితాలు సర్ది ఇచ్చింది." ఆమె కాసేపు దాన్నే చూసి, "నేనే ముందు చెప్పిన మేడం" అంది.

"చెప్పావు. ఎవరికి చెప్పావు?"

జవాబు రాలేదు. మందలించాల్సిన పని కూడా లేదు. ఇంట్లో, కాలేజీలో పెద్దగా మాట్లాడని ఆడపిల్లనే మెచ్చుకున్నారు ఇన్నాళ్లూ. ఆ మెప్పు అసెసర్ షీటు మీద ఎక్కడా పడదని ఎవరూ చెప్పలేదు.

ఏం మార్చాం

"ధైర్యంగా మాట్లాడు", "గొంతు పెంచు" లాంటి సలహాలు ఇలాంటి పిల్లలకు పనికిరావు. ఇంకా భయపెడతాయి. కోచింగ్‌లలో, వీడియోల్లో తిరిగే చిట్కాలు మరీ అన్యాయం: "మొదట నువ్వే మాట్లాడు", "టైమ్ కీపర్ నేనే అని ప్రకటించు." గడియారం చూసి "ఇంకా అయిదు నిమిషాలే" అని చెప్పినంత మాత్రాన ఏ సామర్థ్యం కిందా మార్కు పడదు. ఏళ్ల తరబడి ఈ పని చేసిన అసెసర్‌కు ఆ వేషం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఈ అమ్మాయిలో నేను గమనించినది వేరు. ఆమె చేత్తో ఆలోచిస్తుంది. ఏదైనా అడిగితే ముందు పెన్ను వెతుక్కుంటుంది. డ్రాయింగ్‌లో మంచి పట్టు. దాన్నే వాడుకున్నాం. తర్వాతి మాక్‌లో ఆమెకు ఇచ్చిన పని ఒకటే: తెల్ల కాగితం ఒడిలో కాకుండా బల్ల మధ్యలో పెట్టాలి. దాని మీద షిఫ్టు గంటలు గీత గీసి, ఎవరేం చెప్పినా ఆ గీత మీద ఎక్కించాలి.

దాంతో పరిస్థితి మారిపోయింది. కాగితం మధ్యలో ఉంటే అందరి కళ్లూ అక్కడే. ఆమె "కరెంటు ఇక్కడ పోతది" అని గీత మీద అడ్డగీత వేస్తే ఎవరూ కాదనలేరు. ఒకరు ఆ అడ్డగీతను పట్టించుకోకుండా ఓవెన్ పని పెట్టబోతే, "ఇది తేలకుండా ముందుకు పోవద్దు, లాట్ పాడైతది" అంది, ఈసారి బల్లకు వినబడేలా. మౌనంగా ఉన్న ఒక అబ్బాయి వైపు పెన్ను చాపి "నీ ఆర్డర్‌కు ఎంత టైం పడ్తది?" అనడిగింది. ఆ రోజు అబ్జర్వర్ షీటు వెనకవైపు కూడా నిండింది.

పాయింట్ చెప్పేటప్పుడు కారణం, పర్యవసానం కలిపి చెప్పడం కూడా సాధన చేశాం. "ముందు కోటింగ్ చేద్దాం" అంటే అభిప్రాయం. "ముందు కోటింగ్ చేద్దాం, ఎందుకంటే మధ్యలో కరెంటు పోతే లాట్ పోయి రేపటి డెలివరీ కూడా తప్పుతుంది" అంటే సమస్యా పరిష్కారం అన్న గడిలో రాసుకోదగ్గ సాక్ష్యం.

వేడి పిన్ను

ఇంటర్వ్యూ తయారీలో "ఒక సమస్యను నువ్వు పరిష్కరించిన సందర్భం చెప్పు" అన్న ప్రశ్న వేశాను. డిప్లొమాలో భాగంగా బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసిందని తెలుసు. ఆమె చెప్పింది ఇంతే: "రిజెక్షన్ ఎక్కువ వస్తుండె మేడం. సూపర్‌వైజర్ సార్ మార్పించిండు. తగ్గినయి."

ఇంకాస్త తవ్వితే అసలు కథ బయటపడింది. 25 మిల్లీమీటర్ల స్టీలు పిన్నులు, టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) h7. అంటే వ్యాసం 25.000 నుంచి 24.979 మధ్య ఉండాలి, మొత్తం 21 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) వెసులుబాటు. లేత్ దగ్గర మైక్రోమీటర్‌తో కొలిస్తే సరిపోయేవి. సాయంత్రం ఇన్‌స్పెక్షన్‌లో కొన్ని తక్కువ సైజు అని తిరిగొచ్చేవి. ఆపరేటర్, ఇన్‌స్పెక్టర్ ఒకరినొకరు తిట్టుకునేవారు. ఈ అమ్మాయి ఒక పిన్నును మెషిన్ నుంచి దించగానే కొలిచి, మార్కర్‌తో నంబరు వేసి, చల్లారాక మళ్లీ కొలిచింది. రెండు రీడింగులు ఒకటి కాలేదు. స్టీలు డిగ్రీకి మీటరుకు దాదాపు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. పిన్ను 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 25 మిల్లీమీటర్ల మీద అది తొమ్మిది మైక్రాన్ల దగ్గరికి వస్తుంది. అంటే ఉన్న వెసులుబాటులో సగానికి కొంచెం తక్కువ. వేడి మీద 24.985 చూపించిన పిన్ను చల్లారాక 24.976కు దిగి రిజెక్ట్ అవుతుంది. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని పుస్తకంలో చదువుకున్నది ఆ షాపులో మే నెల ఎండలో తనకు తానే గుర్తు చేసుకుంది. కొన్ని పిన్నుల రీడింగులు పట్టీగా రాసి సూపర్‌వైజర్‌కు చూపించింది. ఆయన చల్లార్చే ట్రే పెట్టించారు.

ఇంత చేసిన మనిషి "సార్ మార్పించిండు" అంటుంది. అబద్ధం చెప్పలేదు, తన చేయి తీసేసుకుంది, అంతే. మన పిల్లల్లో ఇది నేను తరచూ చూస్తాను, ముఖ్యంగా పనిమంతుల్లో. గొప్పలు చెప్పుకోమని ఎవరూ అడగడం లేదు. నలుగురు కలిసి చేసిన పనిలో నీ చేయి ఎక్కడ పడిందో చెప్పమంటున్నారు. సూపర్‌వైజర్ పేరు కూడా ఉండాలి: "నేను కొలిచి పట్టీ రాశాను, ఆయన ట్రే పెట్టించారు." ఇందులో ఎవరి గౌరవమూ తగ్గదు.

ఆమె ఈ కథను రెండు నిమిషాల్లో, అంకెలతో చెప్పగలిగేదాకా సాధన చేయించాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మొదటి నుంచే ఇంగ్లీషులో మొదలుపెడితే పిల్లలు వచ్చిన పదాల చుట్టూ కథను కుదించేస్తారు.

ఇన్‌ట్రే

ఇక్కడ ఆమెకు నేర్పాల్సింది తక్కువే. షిఫ్టు మొదట్లో బల్ల మీద ఉన్న కాగితాలు ఇచ్చి వరస పెట్టమన్నాం: నడిచే దారిలో కూలెంట్ లీక్, కస్టమర్ నుంచి కోపంగా వచ్చిన మెయిల్, కాలిబ్రేషన్ గడువు దాటిన ఒక మైక్రోమీటర్, గ్రైండర్ దగ్గర కళ్లజోడు పెట్టుకోని సహోద్యోగి, సంతకం కావాల్సిన హాజరు పట్టిక. చాలామంది భద్రత తర్వాత నేరుగా కస్టమర్ మెయిల్‌కు పోతారు, మైక్రోమీటర్‌ను చివరికి నెడతారు. ఈ అమ్మాయి లీకు, కళ్లజోడు అయిన వెంటనే మైక్రోమీటర్ పెట్టింది. గడువు దాటిన పనిముట్టుతో కొలిచినదంతా అనుమానమే, కస్టమర్ మెయిల్‌కు జవాబు కూడా దాని మీదే ఆధారపడొచ్చు. ఇంత బాగా ఆలోచించి కాగితం మీద రాసింది మాత్రం 1, 2, 3, 4, 5 అంకెలు. ప్రతి అంకె పక్కన ఒక్క లైను కారణం రాయడం అలవాటు చేశాం.

భాష, బస్సు, కాగితాలు

గ్రూప్ ఎక్సర్‌సైజ్‌లో హిందీ, తెలుగు కలిపి మాట్లాడొచ్చా అని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించాను. ఆమె సంకోచించింది, అడిగితే ఏమనుకుంటారో అని. జవాబు మర్నాడే వచ్చింది: గ్రూప్‌లో ఏ భాషైనా సరే, ప్రెజెంటేషన్ ఇంగ్లీషులో. ఆ ఒక్క జవాబుతో ఆమె భయం సగం పోయింది.

రిపోర్టింగ్ పొద్దున్న ఎనిమిదిన్నరకు. జగద్గిరిగుట్ట నుంచి కూకట్‌పల్లి వచ్చి, అక్కడ పటాన్‌చెరు బస్సెక్కాలి. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక టికెట్‌కు డబ్బు అక్కర్లేదు, కానీ ఆ వేళకు బస్సు కిటకిటలాడుతుంది. ఒక పనిదినాన అదే సమయానికి గేటు దాకా వెళ్లి రమ్మన్నాను. మియాపూర్ దాటాక, బీహెచ్‌ఈఎల్ దగ్గర ఎంతసేపు ఆగుతుందో చూసుకుని వచ్చింది.

ఆ రోజు, ఆ తర్వాత

బయల్దేరే ముందు చెప్పిన ఆఖరి మాట: ఒక ఎక్సర్‌సైజ్ చెడితే దాన్ని తర్వాతి గదిలోకి మోసుకెళ్లొద్దు. ఇది ఊరట మాట కాదు. 1982లో సాకెట్, డ్రెహెర్ అనే పరిశోధకులు అసెస్‌మెంట్ సెంటర్ మార్కులను విడదీసి చూస్తే, మనిషి సామర్థ్యం కన్నా ఏ ఎక్సర్‌సైజ్ అన్నదాన్ని బట్టే మార్కులు ఎక్కువ గుంపుకట్టాయని తేలింది. ఒక గదిలో బాగా చేసిన మనిషి ఇంకో గదిలో తడబడటం మామూలు విషయం. అసెసర్ మారితే కాగితం కూడా కొత్తదే.

ఆ మాట అక్కరకొచ్చింది. ప్రెజెంటేషన్ మొదటి నిమిషంలోనే ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆగిపోయి, స్లైడు చదివేసి వచ్చేసింది. అక్కడి నుంచి నేరుగా ఇంటర్వ్యూ. అందులో వేడి పిన్ను కథ చెబుతూ కాగితం అడిగి రెండు రీడింగులు పక్కపక్కన రాసి చూపించింది. ఎదురుగా ఉన్న సీనియర్ టెక్నీషియన్ లెక్క తిరగేసి అడిగారట, అల్యూమినియం పిన్ను అయితే ఎంత మారుతుందని. దాదాపు రెట్టింపు అని చెప్పింది. తర్వాత అనుకున్నట్టే శిక్షణ తర్వాతి విధానం గురించి అడిగింది. రాతపూర్వకంగా ఉందని, ఎంపికైనవాళ్లకు చూపిస్తామని చెప్పారు.

ఎంపికైంది. అయితే తను కోరుకున్న మెషిన్ షాపులో కాదు, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్‌లో. ఏడాది ఒప్పందం పోర్టల్‌లో నమోదైంది. హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పిన దాని ప్రకారం గ్రూప్, ఇన్‌ట్రే, ఇంటర్వ్యూ మూడూ బలంగా ఉన్నాయి, ప్రెజెంటేషన్ కనీస మార్కు గీత కింద పడింది. మా మాక్‌లో ఆమె పాయింట్‌ను గట్టిగా చెప్పిన అబ్బాయి కూడా అదే రోజు వెళ్లాడు. ఇంగ్లీషు ఆమె కన్నా ఎంతో మేలు. గ్రూప్‌లో ఇద్దరిని మధ్యలో అడ్డుకున్నాడని రాశారు, ఎంపిక కాలేదు. అతనితో ఇప్పుడు వేరుగా పని చేస్తున్నాను.

ప్రెజెంటేషన్‌కు మేమిచ్చిన సమయం గ్రూప్‌కు ఇచ్చినదానిలో నాలుగో వంతు కూడా లేదు. ఉన్న రోజుల్లో అదే సరైన ఎంపిక అని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే ఆమె ఆలోచన ఎక్కువగా బయటపడేది బల్ల దగ్గరే. ఇప్పుడున్న బ్యాచ్‌లో మాత్రం స్లైడ్లు తీసేశాను. చేతిలో ఒక అరిగిపోయిన బేరింగో, విరిగిన డ్రిల్ బిట్టో పెట్టి, ఇది ఎందుకు చెడిందో మూడు నిమిషాలు చెప్పమంటున్నాను. స్లైడు ఉంటే చదివేస్తారు. వస్తువు చేతిలో ఉంటే దాన్ని తిప్పి చూపిస్తూ మాట్లాడతారు, వాక్యం తెగినా చెయ్యి ఆగదు.

ఇది చదివే హెచ్‌ఆర్‌వాళ్లను ఒకటి కోరుతున్నాను. ఏ ఎక్సర్‌సైజ్‌లో ఏ భాష చెల్లుతుందో కాల్ లెటర్‌లోనే రాయండి. అడిగితే మీరు ఒప్పుకుంటారని నాకు తెలుసు. అడగడానికే జంకే పిల్లలు ఆ రోజంతా నోరు విప్పకుండా కూర్చుంటారు, మీ షీటు ఖాళీగా మిగులుతుంది.